మగ్గబెట్టే గది పక్కన గేమ్ కంప్యూటర్

1988 వేసవి. అప్పటికి నూజివీడులో నేను రేడియో, టీవీ రిపేరు కొట్టు పెట్టి పదకొండేళ్లయింది. మామిడి సీజను వస్తే మా వైపు ఎవరికీ ఊపిరి సలపదు. కాపు ఎంత, రేటు ఎంత, లారీ దొరికిందా లేదా, ఇదే గోల. రిపేరుకిచ్చిన టీవీలు కూడా కోతలు అయ్యాక తీసుకెళ్తామని నా దగ్గరే వదిలేసేవాళ్లు. అలాంటి రోజుల్లో నా బల్లమీదికి ఓ కంప్యూటర్ వచ్చింది.

కంప్యూటర్ అంటే ఇప్పటిలా ఊహించుకోకండి. పరీక్ష అట్టలో సగం ఉండే నల్లటి డబ్బా, పైన రబ్బరు బొత్తాలు. దాన్ని టీవీకి తగిలించి, పక్కన టేప్ రికార్డర్ పెట్టి, క్యాసెట్ వేస్తే ఐదు నిమిషాలు కీచుమని అరిచి, తర్వాత తెరమీద ఆట మొదలవుతుంది. దాని మెమరీ, అంటే ఒకేసారి బుర్రలో పెట్టుకోగలిగినంత, పదహారు కె. అప్పటికే కొత్త ఆటలన్నీ నలభై ఎనిమిది కె అడుగుతున్నాయి. దీన్ని తెచ్చినవాడు వెంకటేశ్వర్లు. హనుమాన్ జంక్షన్‌లో ఓ చిన్న గదిలో ఈ మిషను పెట్టుకుని, అరగంటకింత అని తీసుకుని పిల్లల చేత, లారీ క్లీనర్ల చేత ఆడించేవాడు.

ఈ సంగతి చెప్పేముందు నా సంగతి ఒక ముక్క చెప్పాలి. నేను స్వతహాగా భయస్తుణ్ణి. టంకం పెట్టిన ప్రతి జాయింటునీ రెండుసార్లు లాగి చూసుకుంటాను. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసే రకాన్ని. అలాంటివాణ్ణి, ఇంకొకడి డబ్బు గురించి మాత్రం తడుముకోకుండా చెప్పేశాను. ఆ తప్పు గురించే ఇది.

వెంకటేశ్వర్లుది బాపులపాడు దగ్గర పల్లె. చిన్నప్పటినుంచీ తోటల్లో కాయ కోసేవాడు. చివర వల కట్టిన చిక్కం కర్రకి అందని కాయ కోసం కొమ్మ చివరిదాకా పాకేవాళ్లలో వీడొకడు. మూడేళ్ల క్రితం ఆ పాకుడులోనే జారిపడి తొడ ఎముక విరిగింది. నాటువైద్యుడు కట్టు కట్టాడు. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. కర్ర లేనిదే నాలుగడుగులు వెయ్యలేడు. తోట కొన్న వ్యాపారి జాలిపడి కొంత ఇచ్చాడు. కూర్చుని చేసుకునే పని ఏదైనా ఉందా అని వెతుక్కుంటుంటే విజయవాడలో ఎవరో ఈ పాత మిషను అమ్మజూపారు. అలా గేముల కొట్టు మొదలైంది.

గది ఓ మామిడి షావుకారుది. ముందు గది వీడికి, వెనక పెద్ద గది షావుకారు కాయ మగ్గబెట్టుకోవడానికి. అద్దె నామమాత్రం, ఎందుకంటే వెంకటేశ్వర్లు భార్య నాగమణి ఆ వెనక గదిలోనే పనిచేసేది. కాయ ఏరడం, గడ్డి పరచడం, బుట్టలు సర్దడం. భార్య కళ్లెదుటే ఉంటుంది, అద్దె బెంగ లేదు, ఎదురుగా బస్సులు ఆగుతాయి. అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుందని నేనే చాలాసార్లు అన్నాను.

మిషను జబ్బు ఏమిటంటే, ఆట మంచి రంజుమీద ఉన్నప్పుడు తెరనిండా గళ్లు గళ్లు పడి బిగుసుకుపోయేది. మళ్లీ క్యాసెట్ మొదటినుంచీ వెయ్యాలి. ఆడేవాడు ఊరుకోడు, పోయిన టైము ఇమ్మంటాడు. అంతకుముందు వేసవిలోనూ ఇదే బాధ. అప్పుడు నేను దాన్ని విప్పి, వెనక ఉండే ఎడ్జ్ కనెక్టర్ శుభ్రం చేశాను. ఎడ్జ్ కనెక్టర్ అంటే బోర్డు అంచున వరసగా ఉండే రాగి గీతలు. జాయ్‌స్టిక్ లాంటివి అక్కడే గుచ్చుతారు. పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే రబ్బరుతో రుద్దితే గీతలు తళతళలాడతాయి. అలా రుద్ది పంపిస్తే వానాకాలం, చలికాలం ఏ పేచీ లేకుండా నడిచింది. ఈ వేసవిలో మళ్లీ మొదలైంది.

నా దగ్గర బల్లమీద రెండు రోజులు పెట్టి ఆడిస్తే ఒక్కసారి కూడా ఆగదు. జంక్షన్‌కి తీసుకెళ్లిన వారానికల్లా మళ్లీ గళ్లు. మొదట వోల్టేజీ అనుకున్నాను. వేసవిలో మా వైపు కరెంటు బల్బులో ఎర్రటి తీగ మాత్రమే కనపడేంత నీరసంగా వస్తుంది కదా. స్టెబిలైజర్ పెట్టించాను. తగ్గలేదు. తర్వాత ఎండ అనుకున్నాను. టేబుల్ ఫ్యాను మిషను వైపు తిప్పించాను. పాపం వాడు చెమటలు కక్కుతూ, దగ్గుతూ కూర్చున్నాడు గానీ మిషను జబ్బు తగ్గలేదు. మూడోసారి వచ్చినప్పుడు విప్పి చూస్తే కనెక్టర్ గీతలు మళ్లీ నల్లగా ఉన్నాయి. లోపల ఐసీలు, అంటే చిప్పులు, గుచ్చే సాకెట్ల కాళ్లు కూడా కమిలిపోయినట్టున్నాయి.

"వయసైపోయిందయ్యా దీనికి," అన్నాను.

మెకానిక్ నోట్లో ఈ మాట వచ్చిందంటే రెండు అర్థాలు. ఒకటి, నిజంగా వయసైపోయింది. రెండు, వాడికి అంతుబట్టలేదు. వినేవాడికి మాత్రం ఒకటే వినపడుతుంది.

అప్పుడు వాడు అసలు సంగతి చెప్పాడు. విజయవాడ డాక్టరు కాలు చూసి, ఎముక మళ్లీ సరిచేసి లోపల రాడ్డు వెయ్యాలన్నాడట. ఈ ఏడాది దాటిస్తే నడుము కూడా వంగిపోతుందన్నాడట. రెండేళ్లుగా మొగుడూ పెళ్లాం ఆపరేషన్ కోసం దాస్తూ వచ్చారు. ఆ డబ్బు ఇప్పటికి సరిపోతుంది. ఇటు చూస్తే, మిషను అమ్మిన విజయవాడ దుకాణదారే ఓ మెమరీ బోర్డు ఉందంటున్నాడు. అది వేసి, పాత సాకెట్లు తీసేస్తే నలభై ఎనిమిది కె ఆటలన్నీ ఆడతాయి, కొత్త మిషను కింద లెక్క. ఒక్కటే పీసు, బుధవారం దాకా ఆపుతానన్నాడు. దాని ఖరీదూ, దాచిన డబ్బూ ఇంచుమించు ఒక్కటే.

"కాలు బాగుచేయించుకుంటే కొట్టు పోద్దండి. కొట్టు బాగుచేసుకుంటే కాలు పోద్ది. సెలవులు నెలన్నరే ఉన్నాయి. మీరు ఏదంటే అది చేస్తాను, డేనియల్ గారూ," అన్నాడు.

అక్కడ నేను "నాకు తెలియదు" అనాల్సింది. అనలేదు. సెలవుల్లో మిషను ఆగిపోతే ఇద్దరికీ తిండి ఎలా అని ఆలోచించాను. కొత్త ఆటలు వస్తే రెండు సీజన్లలో ఆపరేషన్ డబ్బు మళ్లీ పోగవుతుందని వేళ్లమీద లెక్కపెట్టి చూపించాను. డాక్టర్లు అలాగే అంటారు, ఒక ఏడాది ఆగితే ఏం కాదులే అని కూడా అన్నాను. నేను రేడియో మెకానిక్‌ని. ఎముకల గురించి నాకేం తెలుసు. అయినా అన్నాను. బోర్డు కొనమన్నాను.

ఆ శనివారం మిషను తీసుకుని నేనే జంక్షన్ వెళ్లాను, బోర్డు వచ్చేదాకా పాతదాన్ని ఎలాగోలా నడిపిద్దామని. నాగమణి వెనక గదిలోంచి చేతులు దులుపుకుంటూ వచ్చింది. ఆమెకి బోర్డు కొనడం ససేమిరా ఇష్టం లేదు. ఆ మాట నాతో సూటిగా అనడానికి మొహమాటపడి, కాలివేళ్లు చూపించింది.

"చూడండి అన్నయ్య గారూ, మట్టెలు ఎట్టా అయినయ్యో. కుంకుడురసంతో తోముతున్నా, మళ్లా పది రోజులకే నలుపు. మట్టెలు నల్లబడితే మొగుడికి కీడని మా అత్త అంటది. ఈ గది మాకు అచ్చిరాలేదండి. దీంట్లో ఇంకా డబ్బు పోయొద్దు."

నాకు నవ్వొచ్చింది. దిష్టి, శకునం లాంటి మాట మా ఇంట్లో ఎత్తితే మా అమ్మ వెంటనే కీర్తన అందుకునేది. అలా పెరిగినవాణ్ణి. "వెండి కాదేమోనమ్మా, కంసాలి కల్తీ చేసి ఉంటాడు," అని వేళాకోళం ఆడాను. వెంకటేశ్వర్లు కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

నవ్వితే నవ్వాను గానీ ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఆమె మొహమే కళ్లముందు తిరుగుతోంది. వాడికి ఏం చెప్పానా అని మళ్లీ మళ్లీ తిరగేసుకున్నాను. సాకెట్లు ముసలివైతే, నా బల్లమీద రెండు రోజులు ఎందుకు కుదురుగా నడిచాయి? చలికాలంలో ఆ ముసలితనం ఎటు పోయింది? ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క ముక్క వినలేదు. సోమవారం వెంకటేశ్వర్లు విజయవాడ వెళ్లి డబ్బు కట్టేస్తానన్నాడు.

సోమవారం పొద్దున్నే మా ఆవిడ పోరు పడలేక, కాలు విరిగిన స్టవ్వు స్టాండు పట్టుకుని గ్యాస్ వెల్డింగు కొట్టుకు వెళ్లాను. వెల్డరు డబ్బాలో కార్బైడ్ రాళ్లు వేసి నీళ్లు పోశాడు. బుసబుసమని గ్యాసు లేచింది. వెల్లుల్లి కుళ్లినట్టు ఒక వాసన. ఎక్కడో ఈమధ్యే పీల్చిన వాసన. వాడు చెయ్యి చాపితే వేలికి ఉంగరం కనపడింది, బొగ్గులా. అడిగితే, "వెండేనండి. ఈ గ్యాసు దగ్గర వెండి ఆగదు, రాగీ ఆగదు," అన్నాడు, ఇదో వింతా అన్నట్టు.

స్టాండు అక్కడే వదిలేసి బస్టాండుకు పరిగెత్తాను. మా ప్రాంతంలో కార్బైడ్ తెలియనివాడు లేడు. పచ్చికాయ మధ్య పొట్లాలు పెట్టి తలుపులు బిగిస్తే రెండు మూడు రోజుల్లో కాయ పసుపుపచ్చన అవుతుంది. సీజనంతా జంక్షన్‌లో సగం గోడౌన్లు అదే వాసన కొడతాయి. పుట్టినప్పటినుంచీ మామిడికాయల మధ్య తిరిగే ముక్కులు కదా, మాకది వాసనే కాదు, వేసవి. ఇంకో ఊరి మెకానిక్ అయితే గుమ్మంలోనే ముక్కు మూసుకుని, ఇదేంటని అడిగేవాడు. నేను మూడుసార్లు, షావుకారు కాయ మగ్గబెట్టే గదికి గోడ ఇవతలే, వెంకటేశ్వర్లు కొట్టులో కూర్చుని, కాఫీ తాగి, వోల్టేజీ చూసి వచ్చాను.

బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. కండక్టరు చిల్లర కోసం గొడవ పెట్టుకున్నాడు. నేను సీటులో కూర్చోలేక నిలబడే వెళ్లాను, నిలబడితే బస్సు తొందరగా పోతుందన్నట్టు. దిగేసరికి గేముల కొట్టు తలుపు వేసి ఉంది. విజయవాడ వెళ్లిపోయాడని పక్కవాళ్లు చెప్పారు. వెనక తలుపు దగ్గరికి వెళ్లి నాగమణిని పిలిచి, డబ్బు కట్టేశాడా అని అడిగాను.

"గడువు అడగటానికి ఎళ్లారండి," అంది. "డబ్బు నేనివ్వలేదు."

ఆ క్షణంలో ఆమెకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. నా మాటమీద వాడు ఆదివారమంతా ఆమెతో పోట్లాడాడట. ఎంత అరిచినా ఆమె పెట్టె తాళంచెవి ఇవ్వలేదు. నేను అరుగుమీద కూలబడి నీళ్లు అడిగి తాగాను.

మధ్యాహ్నం వెంకటేశ్వర్లు బస్సు దిగి కర్ర ఊతంతో వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది. దుకాణదారు బుధవారం తర్వాత ఒక్క రోజు కూడా ఆగనన్నాడు. నేను గ్యాసు సంగతి, రాగి సంగతి చెప్పాను. బోర్డు కొత్తది వేసినా, సాకెట్లు కొత్తవి వేసినా, ఈ గదిలో వచ్చే వేసవికి వాటి గతీ ఇంతే, కొనొద్దన్నాను. వాడు నావైపు అలా చూశాడు.

"మొన్న కొనమన్నారు. ఇయ్యాళ వద్దంటున్నారు. ఎల్లుండి ఏమంటారండి?"

తప్పు వాడిది కాదు. అప్పుడు నా సంచీలోంచి రాగి తీగ తీసి, రెండు ముక్కలు చేసి, రెండింటినీ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాను. ఒకటి మిషను వెనక గోడకున్న మేకుకి కట్టాను. రెండోది కాగితంలో చుట్టి నా జేబులో పెట్టుకున్నాను. గురువారం వచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం, రెండూ ఒక్కలా ఉంటే బోర్డు నా డబ్బుతో కొనిస్తానన్నాను. అనేశాక గుర్తొచ్చింది, నా దగ్గర అంత డబ్బు లేదని.

ఆ మూడు రోజులూ నేను బతికిన తీరు పగవాడికి కూడా వద్దు. బుధవారం దాటిపోయింది, బోర్డు ఎవరో కొనుక్కుపోయే ఉంటారు. తీగ నల్లబడకపోతే? వెల్డరుది డబ్బా పక్కనే చెయ్యి, ఇక్కడ గ్యాసు గోడ అవతలిది. అంత బలం ఉంటుందా? నేను ఒకసారి తప్పు చెప్పి, రెండోసారి ఇంకా పెద్ద తప్పు చెప్పానేమో. జేబులో తీగని పూటకి నాలుగుసార్లు తీసి చూసుకునేవాణ్ణి. అది మెరుస్తూనే ఉంది.

గురువారం తొలి బస్సుకి వెళ్లాను. గుమ్మంలో వెంకటేశ్వర్లు, నాగమణి ఇద్దరూ నిలబడి ఉన్నారు. నేను వచ్చేదాకా తీగ ముట్టుకోలేదట. మేకు నుంచి విప్పి, జేబులోదాని పక్కన అరచేతిలో పెట్టాను. ఒకటి కొత్త పైసాలా ఉంది. రెండోది పొయ్యిలోంచి తీసిన పుల్లలా ఉంది.

నాకు ఎంత సంతోషం వేసిందంటే, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నిజం నా చేతిలో ఉంది. ఆపరేషన్ డబ్బు ఎక్కడికీ పోలేదు. మిషను ఈ గదిలోంచి మారిస్తే చాలు, రబ్బరుతో రుద్ది, సాకెట్లు స్పిరిట్‌తో కడిగితే పాత ఆటలతోనే సెలవులు గడిచిపోతాయని గబగబా చెప్పుకుపోతున్నాను. మట్టెలు నల్లబడ్డదీ అందుకేనమ్మా, కీడూ కాదు పాడూ కాదని నాగమణికి కూడా వివరించాను, స్కూలు మేష్టారిలా.

ఆమె నా చేతిలోంచి ఆ నల్లతీగ తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"రాగి మూడు రోజులకే ఇట్టా అయ్యింది గదండీ," అంది. "ఈయన పొద్దుననగా కూర్చుని దీపాలు పెట్టేదాకా ఇక్కడే పీలుస్తున్నాడు. నేను రెండేళ్ల నుంచీ లోపలే ఉంటన్నాను. మా లోపల ఎట్టా ఉండుద్దంటారు?"

వోల్టేజీ చూశాను, ఎండ చూశాను, సాకెట్ల కాళ్లు భూతద్దం పెట్టి చూశాను. వాడు మాట మాటకీ దగ్గుతుంటే, జాయ్‌స్టిక్ చప్పుడు సరిగా వినపడటం లేదని విసుక్కున్నాను కూడా. ఫ్యాను మిషను వైపు తిప్పమన్నది నేనే.

ఆ రోజే మిషను, టీవీ, బల్ల ఎత్తించి, రోడ్డు అవతల నాకు తెలిసిన వాచీ రిపేరు ఆయన రేకుల వసారాలో పెట్టించాను. రేకుల కింద ఎండ మండిపోయేది. ఆ సెలవుల్లో మాత్రం ఒక్కసారి కూడా తెరమీద గళ్లు పడలేదు. పాత ఆటలు పాతబడ్డాయని కొందరు రావడం మానేశారు. రాబడి తగ్గింది గానీ కొట్టు నిలబడింది. స్కూళ్లు తెరిచాక వెంకటేశ్వర్లు కాలుకి విజయవాడలో రాడ్డు వేశారు. దీపావళి నాటికి కర్ర లేకుండా నడిచాడు. కాస్త కుంటు మిగిలింది. ఆలస్యం చేశావు, ఇంకో ఏడాదైతే ఈపాటి కూడా అయ్యేది కాదని డాక్టరు అన్నాడట. ఆ మాట వాడు నాతో మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టి చూపించిన ఆ పూట గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఎవరు ఏ వస్తువు తెచ్చినా, విప్పకముందే ఎక్కడ పెట్టి వాడతారు, చుట్టుపక్కల ఏం జరుగుతుంటుంది అని అడగడం అలవాటు చేసుకున్నాను. వయసైపోయిందన్న మాట నోటి చివరిదాకా వస్తే, నాకింకా అంతుబట్టలేదని చెప్పడం నేర్చుకున్నాను. ఈ రెండూ నా వృత్తికి ఆ కేసు నేర్పిన పాఠాలు.

నాగమణి మాత్రం ఆ సీజను చివరి బుట్ట దాకా వెనక గదిలోనే పనిచేసింది. మానెయ్యమని నేను ఒకసారి అన్నాను. ఆపరేషన్ అయ్యి మంచమ్మీద ఉండబోయే మనిషికి రెండు నెలలు అన్నం ఎవరు పెడతారని ఆమె అడిగింది. షావుకారుతో మాట్లాడి ఆ గదికి వెనకవైపు ఒక కిటికీ కొట్టించాను. అంతకుమించి నేను చెయ్యగలిగింది లేకపోయింది.